కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఉన్న కారుకు బైపాస్ వాల్వ్: ఎలా బిగించుకోవాలి, వాన నీళ్లలో ఎలా నడపాలి

మీ కారుకు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కు బానెట్ బయటి చల్లగాలి అందించే గొట్టం, ఫిల్టర్ ఉన్న కిట్) వేయించి ఉంటే మృగశిర కార్తె లోపే ఒక పని చేయండి. చదునైన చోట కారు ఆపి, ఇంజిన్ చల్లారాక, కొలత టేపు పట్టుకుని ముందు చక్రం పక్కన కూర్చోండి. ఫిల్టర్ ఎక్కడుందో వెతకండి. చాలా కిట్లలో అది ఫాగ్ ల్యాంప్ వెనక బంపర్ లోపలో, మడ్‌గార్డ్ లోపలో ఉంటుంది. నేల నుంచి ఫిల్టర్ అడుగు భాగం దాకా కొలిచి ఆ అంకెను ఫోన్‌లో రాసుకోండి. కింద చెప్పబోయే పనులన్నింటికీ ఆ అంకె కావాలి.

కంపెనీ బిగించి ఇచ్చిన ఎయిర్ బాక్స్ గాలి పీల్చే నోరు సాధారణంగా రేడియేటర్ పైన, బానెట్ లాక్‌కు దగ్గర్లో ఉంటుంది. చల్లగాలి కోసం మనం దాన్ని కిందికి దించుకున్నాం. దానివల్ల లాభం లేకపోలేదు. బానెట్ కింద 60 డిగ్రీల్లో కాగిన గాలికి బదులు బయటి 35 డిగ్రీల గాలి పీలిస్తే దాని సాంద్రత సుమారు 8 శాతం ఎక్కువ. కానీ హైదరాబాద్‌లో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కిందో, లింగంపల్లి అండర్‌పాస్‌లోనో, ఖైరతాబాద్‌లోనో ఒక్క గట్టి వానకు నిలిచే నీళ్లు సరిగ్గా ఆ ఎత్తుకే వస్తాయి. 2020 అక్టోబర్ 13 నాటి లాంటి కుండపోతను ఏ వాల్వూ ఆపలేదు, ఆ రాత్రి కార్లకు కార్లే కొట్టుకుపోయాయి. ఏటా మనకు తప్పని మోకాలి లోపు నీళ్ల సంగతి వేరు. కింద ఫిల్టర్ మునిగినా ఇంజిన్‌కు పై నుంచి గాలి అందించే బైపాస్ వాల్వ్ పనికొచ్చేది అక్కడే.

ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్తే

పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలిని నొక్కితే అది నలుగుతుంది. నీళ్లు నలగవు. ఎన్ని నీళ్లు చాలో లెక్క చూడండి. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 11 అయితే, అంటే 330 సీసీ గాలి పదకొండో వంతుకు నలిగితే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే ఖాళీ 30 సీసీ. దగ్గు మందు సీసా మూతతో కొలిస్తే మూడు మూతలు. అంతకు మించి నీళ్లు ఒక్క సిలిండర్‌లోకి వెళ్లినా పిస్టన్ పైదాకా రాలేక ఆగిపోతుంది. కింద పిస్టన్లను ఆడించే ఇరుసు, అంటే క్రాంక్ మాత్రం వేగం మీద తిరుగుతూనే ఉంటుంది. రెండింటి మధ్య ఇరుక్కున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ గట్టి వేగంలో ఉంటే రాడ్ విరిగి బ్లాక్‌ను పొడుచుకుని బయటికి కూడా వస్తుంది.

అలా వంగిన రాడ్‌ను ఒక షెడ్డులో కొత్త రాడ్ పక్కన పెట్టి చూశాను. మొదట తేడాయే తెలియలేదు. మెకానిక్ పాతదాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి లైటు ముందు పట్టుకున్నాక, రాడ్ నడుము దగ్గర స్కేలు కింద నుంచి సన్నటి వెలుతురు గీత కనిపించింది. గోరు మందం కూడా ఉండదు. ఆ గీత కోసం ఇంజిన్ మొత్తం కిందికి దించి, పైన హెడ్డు నుంచి అడుగున ఆయిల్ చాంబర్ దాకా విప్పాల్సి వచ్చింది.

వాల్వ్ చేసే పని

ఫిల్టర్‌కూ, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీకీ మధ్య, గొట్టంలో ఎత్తుగా ఉన్న చోట బిగించే గుండ్రటి ముక్క ఇది. చుట్టూ కిటికీల్లాంటి ఖాళీలు, వాటి లోపలి వైపు మూతలుగా రబ్బరు రెక్కలు, బయట స్పాంజ్ ఫిల్టర్. గాలి సాఫీగా వస్తున్నంతసేపు గొట్టం లోపలి పీడనం బయటి పీడనానికి చాలా దగ్గరగా ఉంటుంది, రెక్కలు మూసుకునే ఉంటాయి. కింద ఫిల్టర్ పూర్తిగా మునిగిందంటే గాలి రాక ఆగుతుంది. ఇంజిన్ మాత్రం లాగుతూనే ఉంటుంది. ఇందాకటి 1.2 లీటర్ల ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే సెకనుకు 20 లీటర్ల దాకా గాలి లాగగలదు. గొట్టంలో ఉండే గాలి మహా అయితే కొన్ని లీటర్లు. కాబట్టి లోపల పీడనం రెప్పపాటులో పడిపోతుంది. ఆ తేడాకు రెక్కలు లోపలికి వంగి, పై నుంచి స్పాంజ్ గుండా గాలి వస్తుంది.

నీళ్లు ఎందుకు పైకి రావన్నది ఇక్కడే తేలుతుంది. నీటిని గొట్టంలో 10 సెంటీమీటర్లు పైకి లాగాలంటే పీడనంలో సుమారు 1 కిలోపాస్కల్ తేడా కావాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి మన దగ్గర గాలి పీడనం దాదాపు 95 కిలోపాస్కల్స్. అందులో ఒక్క శాతం తేడా అంటే ఇంజిన్‌కు లెక్కే కాదు. రెక్కలు అంతకంటే ముందే తెరుచుకుంటే తేడా పెరగదు, నీళ్లు కిందే ఆగుతాయి. ఫిల్టర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఎంత ఎత్తుంటే మీకు అంత రక్షణ. వాల్వ్ కొన్నాను కదా అని దాన్ని ఫిల్టర్ పక్కనే బిగిస్తే రెండూ ఒకేసారి మునుగుతాయి, డబ్బు దండగ. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

మీ కారుకు పనికొస్తుందా

గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఉన్న కారైతే ఈ వాల్వ్ జోలికి వెళ్లకండి. ఈ వాల్వ్‌కు పేరు తెచ్చిన అమెరికా కంపెనీ ఏఈఎం కూడా టర్బో, సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్లకు దీన్ని వాడొద్దనే చెబుతుంది. మన రోడ్ల మీద తిరిగే డీజిల్ కార్లు దాదాపు అన్నీ టర్బోవే. ఇప్పుడొస్తున్న 1.0 లీటర్ పెట్రోల్ కార్లలోనూ చాలా వాటికి టర్బో ఉంది. మీది అదే అయితే వానాకాలం నాలుగు నెలలూ కంపెనీ ఎయిర్ బాక్స్ తిరిగి బిగించుకోండి. నిజానికి టర్బో లేని కారుకు కూడా అదే అన్నిటికంటే భద్రమైన దారి. పాత బాక్స్ అమ్మేయకుండా దాచుకున్నవాళ్లకు రూపాయి ఖర్చు లేదు.

ఇంకొకటి గమనించండి. మీ కారులో లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉందా, గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉందా? బానెట్ ఎత్తి చూస్తే ఇన్‌టేక్ గొట్టం మీదే వైర్ల కనెక్టర్‌తో సెన్సర్ కనిపిస్తే అది మాఫ్ కావచ్చు, మెకానిక్‌ను అడిగి ఖాయం చేసుకోండి. మాఫ్ ఉంటే వాల్వ్ తప్పకుండా ఫిల్టర్‌కూ మాఫ్‌కూ మధ్యే ఉండాలి. మాఫ్ దాటాక బిగిస్తే, రెక్కలు తెరుచుకున్నప్పుడు వచ్చే గాలి లెక్కలోకి రాదు. పెట్రోల్ తక్కువై ఇంజిన్ తడబడుతుంది, నీళ్ల మధ్యలోనే ఆగిపోవచ్చు. ఆగకూడని చోట ఆపే వాల్వ్ మనకెందుకు?

కొనేటప్పుడు

గొట్టం బయటి వ్యాసం కొలుచుకుని వెళ్లండి. 2.5, 2.75, 3 అంగుళాల సైజులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల షాపులకు వెళ్లి ఉత్తగా బైపాస్ వాల్వ్ అని అడిగితే టర్బోకు వేసేది చేతిలో పెడతారు. ఇన్‌టేక్ గొట్టానికి, నీళ్ల కోసం వేసేదని విడమరిచి చెప్పండి. పెట్టె తెరిపించి రెక్కలను వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. సులువుగా వంగి, వదలగానే టక్కున వెనక్కి వచ్చి అంచుకు అతుక్కోవాలి. బిరుసుగా ఉన్నా, అంచు దగ్గర సందు కనిపించినా తీసుకోవద్దు. క్లాంపులు, సిలికాన్ జాయింట్లు పెట్టెలోనే ఉన్నాయో లేదో చూసుకోండి.

బిగించే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. గొట్టాన్ని విప్పేముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. తర్వాత ఏ పైపు ఎక్కడిదన్న టెన్షన్ ఉండదు.

గొట్టం స్థానంలో ఉండగానే వాల్వ్‌కు చోటు వెతకాలి. వంపులేని భాగం కావాలి, అందులో వీలైనంత పైన. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి తగలకూడదు, ఫ్యాన్‌కూ బెల్టులకూ దూరంగా ఉండాలి. ఇంజిన్ నుంచి ఆవిరి తెచ్చే బ్రీదర్ పైపు గొట్టానికి కలిసే చోటును కోయకూడదు. ఫిల్టర్ పై అంచు కంటే కనీసం జానెడు ఎత్తులో ఉంటే మంచిది, అంతకంటే ఎక్కువైతే ఇంకా మంచిది. స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టుకుని, నేల నుంచి ఆ గుర్తు దాకా ఎత్తు కొలిచి, ఇందాకటి అంకె పక్కన రాసుకోండి.

బానెట్‌కు తగులుతుందేమో కోయకముందే చూసుకోవాలి. దీనికి మంచి ఉపాయం ఉంది. వాల్వ్‌ను ఆ గుర్తు దగ్గర తాత్కాలికంగా టేపుతో కట్టి, దాని నెత్తిన చపాతీ పిండి ముద్ద పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ కవరు కప్పండి. బానెట్‌ను మెల్లగా దించి లాక్ చేసి మళ్లీ ఎత్తండి. నలిగిన పిండి మందం రెండు సెంటీమీటర్ల కంటే తక్కువుంటే వాల్వ్‌ను కొంచెం కిందికి జరపాలి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు ఊగుతుంది కాబట్టి ఆ మాత్రం ఖాళీ ఉండి తీరాలి.

ఇప్పుడు గొట్టం విప్పి బయటికి తీసుకురండి. ఎంత పొడవు కోయాలో వాల్వ్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్నే పాటించండి. గుర్తు చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, టేపు అంచు వెంబడి హ్యాక్‌సా బ్లేడుతో నిదానంగా కోయండి. కోత వంకర పోతే జాయింటు సరిగా కూర్చోదు. కోసిన అంచులను ఆకురాయితో లోపలా బయటా నున్నగా చేయాలి.

తర్వాతి పనిని చాలామంది పైపైన కానిచ్చేస్తారు. కోసిన గొట్టంలో అల్యూమినియం పొడి, సన్నటి తునకలు ఉంటాయి. ఈ చోటుకూ ఇంజిన్‌కూ మధ్య ఇక ఏ ఫిల్టరూ లేదు. ఆ తునకలు సిలిండర్ గోడలను గీకేస్తాయి. సబ్బు నీళ్లతో కడిగి, లోపల బట్ట తోసి తుడిచి, మళ్లీ కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఆరాక తెల్లటి బట్ట చుట్టిన కర్రను లోపల తిప్పి బయటికి తీయండి. బట్ట మీద ఒక్క మెరుపు చుక్క కనిపించినా మళ్లీ కడగాల్సిందే.

వాల్వ్‌కు రెండు వైపులా సిలికాన్ జాయింట్లు తొడిగి క్లాంపులు బిగించండి. రబ్బరు క్లాంపు సందుల్లోంచి ఉబ్బేంత గట్టిగా బిగిస్తే నాలుగు రోజుల్లో కోసుకుపోతుంది. వాల్వ్ బరువుతో గొట్టం కిందికి వేలాడకుండా దగ్గర్లోని బోల్టుకు చిన్న బ్రాకెట్ వేయించండి. వైర్లేవీ స్పాంజ్‌కు రాసుకోకుండా కట్టేసి బ్యాటరీ తీగ పెట్టండి.

పనిచేస్తోందో లేదో తేల్చుకోండి

బిగించి వదిలేస్తే సరిపోదు. గాలి ఆడే చోట కారు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి ఉండగానే మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ తప్పించి ఫిల్టర్ ఊడదీయండి. ఒక మనిషిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయించండి. నున్నటి ప్లైవుడ్ ముక్కను గొట్టం మూతికి గట్టిగా అదిమిపెట్టండి. అరచేయి పెట్టొద్దు, పాలిథిన్ కవరు అసలే వద్దు, లోపలికి లాగేస్తుంది. ఇంజిన్ చిన్నగా ఒకసారి తడబడి నడుస్తూనే ఉండాలి, వాల్వ్ దగ్గర గాలి పీలుస్తున్న చప్పుడు వినపడాలి. తర్వాత 2000 ఆర్‌పీఎం దాకా మెల్లగా పెంచి మళ్లీ చూడండి. ఇంజిన్ ఆగిపోతే రెక్కలు తెరుచుకోవట్లేదని అర్థం. ఆ వాల్వ్‌ను తిరిగిచ్చేయండి.

ఏటా మే నెలాఖరులో స్పాంజ్ తీసి తేలికపాటి సబ్బు నీళ్లలో పిండి, నీడలో ఆరబెట్టి పెట్టండి. మన ఎండలకూ బానెట్ కింద వేడికీ రబ్బరు రెక్కలు బిరుసెక్కుతాయి. పగుళ్లు కనిపిస్తే మార్చడమే. రెక్క సరిగా మూసుకోకపోతే ఏడాది పొడవునా వేడిగాలే లోపలికి వస్తుంది, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టుకున్న ఫలితమే పోతుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఈ నెలలోనే చూసుకోండి. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో నీళ్లు పోయి పాడైన ఇంజిన్ లోపలి భాగాలకు సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. ఇన్‌టేక్ మార్చిన సంగతి కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

నీళ్లు ఎదురైనప్పుడు

ముందు ఆగండి. రోడ్డు పక్క ఫుట్‌పాత్ అంచు కనిపిస్తోందా? ఎదురుగా వస్తున్న బైక్ చక్రం ఎంత మునిగింది? ఇరుసు దాకా మునిగిందంటే దాదాపు 30 సెంటీమీటర్లు. మీరు రాసుకున్న ఫిల్టర్ ఎత్తుతో పోల్చుకోండి. నీళ్లు ఫిల్టర్ అడుగును తాకేలా ఉంటే వెనక్కి తిప్పడమే సరైన పని. వాల్వ్ ఉంది కదా అని దిగొద్దు. తెలియక దిగాక, మధ్యలో గుంట తగిలి ఫిల్టర్ మునిగితే బయటపడటానికి వాల్వ్ కొంత వ్యవధి ఇస్తుంది. దాన్ని అంతవరకే నమ్మాలి. గేర్‌బాక్స్ బ్రీదర్‌లోకి, వైరింగ్‌లోకి, సీట్ల కిందికి వెళ్లే నీళ్లను అది ఆపలేదు.

దిగక తప్పకపోతే ముందుగా ఆటో స్టార్ట్ స్టాప్ ఆఫ్ చేయండి. ట్రాఫిక్‌లో బ్రేక్ వేయగానే ఇంజిన్ ఆగి, నీళ్ల మధ్యలో దానంతటదే మళ్లీ స్టార్ట్ అవడం కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉండదు. ఏసీ కూడా ఆపండి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగి నీళ్లను ఇంజిన్ నిండా చిమ్ముతుంది. ఫస్ట్ గేర్‌లో, క్లచ్ తొక్కకుండా, ఒకే వేగంతో నడిచినట్టుగా వెళ్లండి. వేగం పెంచితే బంపర్ ముందు నీళ్లు అలలా లేచి, ఉన్న లోతు కంటే ఎత్తుకు, నేరుగా ఫిల్టర్ మీదికి వస్తాయి. ఆర్టీసీ బస్సు పక్కన వెళ్తుంటే అది దాటేదాకా నీళ్లలోకి దిగకుండా ఆగండి. దాని చక్రాలు తోసే అల చిన్న కారు బానెట్‌ను ముంచేస్తుంది, అప్పుడు వాల్వ్ కూడా తడుస్తుంది.

నీళ్లు దాటి బయటికొచ్చాక ఊపిరి పీల్చుకుని యాక్సిలరేటర్ తొక్కేస్తారు. అది చేయొద్దు. ఫిల్టర్ మునిగి లేచిందని అనుమానముంటే గొట్టం కింది వంపులో నీళ్లు నిలిచి ఉంటాయి. ఇప్పుడు ఫిల్టర్ నుంచి గాలి మళ్లీ జోరుగా వస్తుంది కాబట్టి, వాల్వ్ మూసుకుని, ఆ నిలిచిన నీళ్లు గాలితో పాటు పైకి లేస్తాయి. ఐడిల్‌లోనే మెల్లగా పక్కకు తెచ్చి ఇంజిన్ ఆపండి. ఫిల్టర్ ఊడదీసి గొట్టంలో నీళ్లు ఒంపేసి, తడిసిన ఫిల్టర్‌ను ఆరబెట్టాకే బయలుదేరండి.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే

సెల్ఫ్ కొట్టొద్దు. పుష్ బటన్ కార్లలో వేలు దానంతటదే బటన్ మీదికి పోతుంది, పోనివ్వకండి. ఆగేటప్పటికి లోపలికి కొద్దిగా నీళ్లు వెళ్లి ఉన్నా రాడ్ బాగానే ఉండొచ్చు. సెల్ఫ్ కొడితే దాన్ని మనమే వంచినవాళ్లం అవుతాం, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కాదనడానికీ అదే కారణం అవుతుంది. న్యూట్రల్‌లో పెట్టి నలుగురి సాయంతో గట్టుకు తోయించండి. గేర్లో ఉంచి తోసి స్టార్ట్ చేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, అది కూడా సెల్ఫ్ కొట్టడం లాంటిదే. నీటి మట్టం గుర్తు కనిపించేలా ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేసి, ఫ్లాట్‌బెడ్ బండి మీదే షెడ్డుకు పంపండి.

షెడ్డులో వరస ఇలా ఉండాలి. ముందు ఫిల్టర్, గొట్టం విప్పి తడి ఉందా చూడాలి. ఉంటే పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీసి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తో తిప్పాలి. నీళ్లుంటే ప్లగ్గుల రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. పుల్లీ సాఫీగా పూర్తి చుట్లు తిరిగాకే సెల్ఫ్‌తో కొద్దిసేపు తిప్పాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

స్టార్ట్ అయింది కదా అని బండి తెచ్చేసుకోకండి. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజిన్ మామూలుగానే నడిచి, కొన్ని వారాల తర్వాత హైవే మీద విరగొచ్చు. మీరు పక్కనే నిలబడి నాలుగు సిలిండర్లకూ, ఒక్కోదానిలో గాలి ఎంత గట్టిగా నలుగుతోందో కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించి, వచ్చిన అంకెలు రాయించుకోండి. మూడు సమానంగా వచ్చి ఒకటి తక్కువగా వస్తే, ఆ సిలిండర్ రాడ్ పొట్టిదయిందేమో చూడమనండి. ఆ రాడ్ ఉన్న పిస్టన్ మిగతా వాటి ఎత్తుకు రాదు. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కడ్డీ దించి నాలుగు పిస్టన్లూ పూర్తిగా పైకి వచ్చినప్పటి ఎత్తు పోల్చితే, ఇంజిన్ విప్పకుండానే తెలిసిపోతుంది.